గుంతలోకి దిగేదెవరు? కోలారు బంగారు గనుల నుంచి మన చెరువు కట్ట దాకా



ఈ వరుసలో ఇప్పటిదాకా భూమి గురించి, బడి గురించి, గుడి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చాలామంది ముక్కు మూసుకునే విషయం తీసుకున్నాను. మలం. అది మన ఇంట్లోంచి ఎక్కడికి పోతోంది, ఎవరి చేతుల మీదుగా పోతోంది, చివరికి ఎవరి చెరువులో కలుస్తోంది? చరిత్ర పుస్తకాల్లో కోటలు ఎవరు కట్టించారో ఉంటుంది. ఆ కోటల్లో కక్కసులు ఎవరు ఎత్తిపోశారో ఉండదు. అందుకే ఈ చరిత్ర మనమే రాసుకోవాలి.

వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెరువుల పక్కన పుట్టినవే. జీవనదులు లేని సీమలో చెరువు లేకుంటే ఊరే లేదు. ఊళ్ళు పెరిగి పట్టణాలయ్యాయి. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు వచ్చింది. ట్యాంకు నిండి పొంగిన నీళ్ళు మోరీలో పడతాయి, మోరీ కాలువలో పడుతుంది, కాలువ పల్లానికి పోతుంది. పల్లాన ఉండేది చెరువే. ఇలాంటి చోట ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న లేస్తుంది. ఇంటింటి ట్యాంకులు తీసేసి ఊరంతటికీ అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వేద్దామా?

ఆ ప్రశ్న లేచినప్పుడు జనం లెక్కలేసేది ఖర్చు, తవ్వాల్సిన రోడ్లు, కట్టాల్సిన పన్ను. ఇవి సరైన లెక్కలే. అయితే ఇంకో లెక్క కూడా ఉంది. ట్యాంకు అయినా, పైపు అయినా ఏదో ఒక రోజు మూసుకుపోతుంది. ఆ రోజు లోపలికి దిగేదెవరు? ఈ వ్యాసమంతా ఆ లెక్క గురించే.

చెరువు పని మనది, నీళ్ళు వాళ్ళవి

మన ప్రాంతపు చెరువు చరిత్రలో ముందు గుర్తు చేసుకోవాల్సిన మనిషి నీరుగంటి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత నీళ్ళు పారాలో చూసేది, వానాకాలం రాత్రుళ్ళు కట్ట మీద కాపలా ఉండేది నీరుగంటే. ఇటు చిత్తూరు వైపు, అటు కోలారు వైపు ఈ పని చేసింది ఎక్కువగా దళితులే. కూలి డబ్బుల్లో కాదు, పంటలో మేర, లేకుంటే కొంత మాన్యం. చెరువు కిటుకులన్నీ తెలిసిన మనిషి, ఊరందరి పొలాలకూ నీళ్ళు పంచే మనిషి. ఊరి బావిలో మాత్రం చేద వేయకూడదు. నీళ్ళు పంచే చేతికి నీళ్ళు తాకే హక్కు లేదు. కులం అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెప్తాను.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ మహద్ మునిసిపాలిటీ అప్పటికే తీర్మానం చేసి ఉంది. కాగితం మీద హక్కు ఉంది, గట్టు మీద లేదు. పశువులు తాగొచ్చు, మనుషులు తాగకూడదు. ఆ నీళ్ళు తాగినందుకు మన వాళ్ళ మీద దాడి చేశారు. తరువాత ఆ చెరువును కుండల కొద్దీ ఆవు పేడ, ఆవు మూత్రం పోసి ‘శుద్ధి’ చేసుకున్నారు. ఒక సంగతి గమనించండి. వాళ్ళ దృష్టిలో చెరువును మైల పరిచేది మురికి కాదు, మనిషి.

మన రాష్ట్రానికి వద్దాం. 1985 జులై, ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగలు తాగునీటికి వాడుకునే చెరువు దగ్గర ఆధిపత్య కులం వాళ్ళు గేదెను కడిగారు, ఆ మురికి తాగే నీళ్ళలో పడుతోంది. ఇదేం పని అని ఒక దళిత యువకుడు అడిగాడు. అతన్ని కొట్టబోతే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఊరి మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. కారంచేడును హత్యాకాండగా గుర్తుపెట్టుకుంటాం. దాని మొదట్లో ఉన్నది శుభ్రమైన నీళ్ళ హక్కు అని కూడా గుర్తుపెట్టుకోవాలి. ‘మేం తాగే నీళ్ళలో మీ మురికి కలపొద్దు’ అన్న మాటకు ఆరు ప్రాణాలు పోయాయి. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటి నుంచే. చెరువు కాలుష్యం అనేది పర్యావరణం వాళ్ళ సబ్జెక్టు, మనది కాదు అనుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కారంచేడును ఇంకోసారి చదవండి.

బంగారు గనుల ఊళ్ళో బకెట్టు

ఇప్పుడు మన పొరుగుకే పోదాం. వెంకటగిరికోట దాటి సరిహద్దు అవతలికి పోతే కోలారు బంగారు గనులు. కేజీఎఫ్. సినిమాలో చూసిన కేజీఎఫ్ కాదు, మన తాతలు కూలికి పోయిన కేజీఎఫ్. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నుంచి తమిళ దళితులు, తెలుగు దళితులు వేల మంది ఆ గనుల్లోకి దిగారు. ఊళ్ళో పాలేరుతనం కంటే, వెట్టి కంటే భూమి కింద చీకటే నయమనిపించింది. అక్కడ కనీసం నెల తిరిగితే జీతం చేతికొచ్చేది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లిషు కంపెనీ గనులు చేపట్టింది. దొరలు ఆ ఊరిని చిన్న ఇంగ్లండు అని పిలుచుకునేవాళ్ళు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి అక్కడికి కరెంటు వచ్చింది. దేశంలో చాలా నగరాలకు దీపం లేని కాలం అది. పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి. ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్ల పైగా దిగింది. ప్రపంచంలోనే లోతైన గనుల్లో ఒకటి. అంత లోతు నుంచి రాయిని పైకి లాగే యంత్రం ఉంది, లోపలికి గాలి పంపే యంత్రం ఉంది, రాతిని పిండి చేసి బంగారం తీసే యంత్రం ఉంది.

కార్మికుల లైన్లలో మాత్రం ఎండు పాయిఖానాలు. నీళ్ళు పోసే దారి లేని దొడ్లు. దాని మలాన్ని చేత్తో, రేకుతో ఎత్తి బకెట్టులో నింపి మోసుకుపోయేవాళ్ళను తోటీలు అనేవాళ్ళు. వాళ్ళలో తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో. అలాంటి ఒక కుటుంబంలో 1966లో పుట్టాడు బెజవాడ విల్సన్. తండ్రి 1935 నుంచి ఆ పనిలో ఉన్నాడు. అన్న కూడా ఆ పనే చేశాడు. పిల్లవాడికి ఈ సంగతి తెలియకూడదని తల్లిదండ్రులు దాచారు. చదువుకున్న విల్సన్‌కు ఉద్యోగం కావాలని పోతే, కులం చూసి అదే పని చూపించారు.

ఇక్కడ ఆగి ఒక్కటి ఆలోచించండి. మూడు కిలోమీటర్ల లోతుకు యంత్రం దించగలిగిన కంపెనీకి ఒక పాయిఖానాకు నీళ్ళ గొట్టం పెట్టడం చేతకాదా? దొరల బంగళాల్లో నీళ్ళ పాయిఖానాలు ఉండనే ఉన్నాయి. తెలివి లేక కాదు, డబ్బు లేక కాదు. ఎత్తే మనిషి దొరుకుతున్నాడు, అతని కూలి పైపు కంటే చౌక, అతను ఎత్తడం అందరికీ సహజంగా కనిపిస్తోంది. కంపెనీ పోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1972లో గనులు భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ చేతికొచ్చాయి. బకెట్టు మారలేదు.

1993లో పార్లమెంటు చట్టం చేసింది. చేత్తో మలం ఎత్తించడం, ఎండు పాయిఖానాలు కట్టడం నేరం. విల్సన్ పాయిఖానాల ఫొటోలు తీశాడు, అధికారులకు ఉత్తరాలు రాశాడు, పత్రికలకు పంపాడు. అప్పుడు యాజమాన్యం హడావిడిగా సమావేశం పెట్టి, ఎండు పాయిఖానాలను నీళ్ళ పాయిఖానాలుగా మార్చి, తోటీలను వేరే పనుల్లోకి మార్చింది. దాదాపు వందేళ్ళు ‘కుదరదు’ అన్నది కొద్ది నెలల్లో కుదిరింది. కుదిర్చింది ఇంజనీరు కాదు, నేరం మోపుతామన్న భయం. ఆ తరువాత ఎస్.ఆర్. శంకరన్ గారు, పాల్ దివాకర్, విల్సన్ కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టారు. ఆంధ్ర ఊళ్ళల్లో ఎండు పాయిఖానాలను గునపాలతో పడగొట్టారు. 2016లో విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చింది. పేపర్లలో ఫొటో చూసి మనం చప్పట్లు కొట్టాం. ఆయన మన పొరుగువాడని, మన భాషవాడని ఎంతమందికి తెలుసు?

బకెట్టు పోయింది, గుంత వచ్చింది

సెప్టిక్ ట్యాంకు ఈ దేశపు సృష్టి కాదు. 1860ల ప్రాంతంలో ఫ్రాన్సులో మూరాస్ అనే అతను అలాంటి తొట్టి కట్టాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ దాన్ని పెద్దగా కట్టి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. పని సులువే. గట్టిది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలోని నీళ్ళు బయటికి పోతాయి. అడుగున చేరిన బురదను రెండు మూడేళ్ళకోసారి తీయాలి. బయటికి పోయే నీళ్ళు శుభ్రమైనవి కావు, రోగాలు మోసే నీళ్ళు. వాటిని ఇంకుడు గుంతలోకి పంపి నేలకు అప్పజెప్పాలి.

మన దగ్గర ఏం జరిగింది? ట్యాంకు కట్టారు, ఇంకుడు గుంత మానేశారు. స్థలం లేదన్నారు. పైపు తీసి మోరీలో పెట్టారు. ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి తీయించాల్సింది పోయి, పొంగి వాసనొచ్చేదాకా మూత తెరవలేదు. అప్పటికి అడుగున బురద గట్టిపడి ఉంటుంది. లారీ పైపుతో లాగినా రాదు. అప్పుడు ఫోను చేస్తారు. ఎవరికి? మన వాడకు.

మూసిన గుంతలో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ చేరతాయి. రెండోది ఎంత దొంగ గ్యాసంటే, కొంచెం ఉంటే కుళ్ళు గుడ్డు వాసన, ఎక్కువైతే ముక్కునే చంపేస్తుంది, వాసనే తెలియదు. దిగినవాడు రెండు మూడు ఊపిర్లకే కూలిపోతాడు. అతన్ని లాగడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం బావమరిది దిగుతాడు. అందుకే ఈ వార్తల్లో ఎప్పుడూ ఒక్క పేరు ఉండదు, రెండు మూడు పేర్లుంటాయి, ఒకే ఇంటి పేరుతో. 2019 నుంచి 2023 దాకా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఇది లెక్కకెక్కిన సంఖ్య. ఈ పనివాళ్ళ వివరాలను ప్రభుత్వం 2024 దాకా సేకరిస్తే, పట్టణాల్లో నమోదైన సుమారు 38 వేల మందిలో నూటికి 69 మంది ఎస్సీలు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కలిపితే నూటికి 92. కోస్తాలో రెల్లి, హైదరాబాదులో మెహతర్, మన సీమలో మాదిగ, మాల. పేర్లు మారతాయి, గుంత మారదు.

అంటే చరిత్ర మనకు చెప్తున్నదేమిటి? ఎండు పాయిఖానా పోతే ఈ పని పోతుందన్నారు. పాయిఖానా పోయింది, పని గుంతలోకి దిగింది. కాబట్టి సెప్టిక్ ట్యాంకు పోతే ఈ పని పోతుంది అన్నప్పుడు మనం వెంటనే తల ఊపకూడదు. మ్యాన్‌హోల్ అన్న మాటలోనే ‘మనిషి దూరే కంత’ అనే అర్థం ఉంది.

పైపు వేస్తే చెరువు బాగుపడుతుందా?

బాగుపడుతుంది, సరిగ్గా వేస్తే. అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. 1950ల నాటికి చుట్టూ ఊళ్ళ మురుగు కలిసి సరస్సు పాచిపట్టింది. మురుగునంతా పెద్ద పైపుల్లో పట్టి సరస్సులోకి రాకుండా మళ్ళిద్దామన్న ప్రతిపాదనను 1958 మార్చిలో ఓటుకు పెడితే ఓడిపోయింది. ఖర్చెక్కువ అన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మళ్ళీ ఓటు పెడితే గెలిచింది. 1968కి మళ్ళింపు పూర్తయింది, కొద్ది ఏళ్ళలో నీళ్ళు తేటపడ్డాయి. జనం కూర్చుని తూకం వేసుకుని, కాదని, మళ్ళీ అవునని, తమ సరస్సును కాపాడుకున్నారు. అది మంచి ఉదాహరణే.

చెడ్డ ఉదాహరణ కోసం అమెరికా అక్కర్లేదు, బెంగళూరు చాలు. అక్కడ పైపులున్నాయి. పైపు చివర శుద్ధి చేసే ప్లాంటు మాత్రం చాల్లేదు. ఫలితం బెళ్ళందూరు చెరువు. 2015లో ఆ చెరువు నురుగు అంటుకుని మండింది. నీళ్ళు మండిన ఊరు అది. తరువాత బెంగళూరు మురుగును కొంతవరకు శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు జిల్లా ఎండిన చెరువులకు, 126 చెరువులకు, పంపే పథకం పెట్టారు. 2018 జూన్‌లో నీళ్ళొచ్చాయి. కొద్ది వారాల్లోనే నురుగు కనబడి హైకోర్టు ఆపమంది. మళ్ళీ మొదలైంది, సుప్రీంకోర్టు దాకా పోయింది, మళ్ళీ మొదలైంది. కోలారు రైతులకు నీళ్ళు కావాలి, కాదనను. వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్ళు పడని చోట ఏ నీళ్ళైనా నీళ్ళే. కానీ పట్నం వాడిన నీళ్ళు పల్లెకు ఏ స్థితిలో రావాలో పల్లెను అడగలేదు. పాలారు ఆ కోలారు జిల్లా మీదుగానే మన వైపుకొస్తుంది. మన సీమలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడుకు పోతుంది. కాబట్టి పైవాడి మోరీ మన సంగతి, మన మోరీ కిందివాడి సంగతి.

మన లెక్క మనం వేసుకుందాం

ఇప్పుడు అసలు తూకం. మన లాంటి కరువు సీమలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి ఒక చిక్కుంది. పైపులో మలం తనంతట తాను పోదు, నీళ్ళు తోయాలి. పైపులైను మురుగు వ్యవస్థ పనిచేయాలంటే మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళ సరఫరా ఉండాలని కేంద్ర ప్రభుత్వ ఇంజనీర్ల మాన్యువల్ లెక్క. కుళాయి మూడు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వాడలో ఆ నీళ్ళెక్కడివి? నీళ్ళు చాలని పైపు పూడుకుపోతుంది. పూడుకున్న పైపుకు మనిషి కావాలి. అంటే నీళ్ళ లెక్క వేయకుండా డ్రైనేజీ వేయడమంటే, మన పిల్లలకు మ్యాన్‌హోల్ ఉద్యోగం ముందే రాసిపెట్టడం.

అయితే సెప్టిక్ ట్యాంకులే ఉండనిద్దామా? ఇప్పుడున్నట్టు వద్దు. దారులు రెండే కాదు, మధ్యలో ఇంకా ఉన్నాయి. బెంగళూరు పక్కన దేవనహళ్ళిలో 2015లో, ట్యాంకుల బురదను లారీల్లో తెచ్చి శుద్ధి చేసి ఎరువుగా మార్చే ప్లాంటు పెట్టారు. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ ట్యాంకులు ఎలా కట్టాలి, ఎవరు తీయాలి, ఎక్కడ పోయాలి అని నిబంధనలు చేసి, తరువాత ప్లాంటు కట్టింది. ఇంకో పద్ధతిలో గట్టిది ఇంటి ట్యాంకులోనే ఆగుతుంది, పైనీళ్ళు మాత్రమే సన్న పైపుల్లో ఊరి చివర శుద్ధికి పోతాయి. దీనికి నీళ్ళు తక్కువ చాలు, పూడిక తక్కువ. ట్యాంకును మాత్రం వేళకు లారీతో తీయించాలి. పెద్ద పట్టణానికి ఒకటి, చిన్న ఊరికి ఒకటి సరిపోవచ్చు. ఏది ఎంచుకున్నా చెరువులోకి పోయే మోరీ మూయాలి, మనిషి గుంతలోకి దిగకూడదు. ఈ రెండూ కలిపి తూచాలి. ఒకటి వదిలి ఒకటి తూస్తే అది తూకం కాదు, మోసం.

కాబట్టి గ్రామసభలో, వార్డు సభలో చేయి ఎత్తే ముందు ఈ ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, పైపు దళితవాడకు ఎప్పుడొస్తుంది? మన ఊళ్ళల్లో కరెంటు స్తంభం, సిమెంటు రోడ్డు, కుళాయి అన్నీ ఊళ్ళోంచి మొదలై వాడ దగ్గర డబ్బులైపోయి ఆగుతాయి. మొదటి దశలోనే వాడ పేరుండాలి.

రెండు, శుద్ధి ప్లాంటు ఎక్కడ? ఊరికి పల్లం వైపు ఉండేది తరచూ మన వాడే. ఇన్నాళ్ళూ మలం మనచేత ఎత్తించి, ఇప్పుడు దాన్ని మన గుమ్మం ముందుకు పంపితే అది అభివృద్ధి కాదు.

మూడు, యంత్రం ఏది? పైపు టెండరుతో పాటే పూడిక తీసే యంత్రం టెండరు కూడా ఉండాలి. 2017లో హైదరాబాదులో సన్న సందుల్లోకి కూడా పోయే 70 చిన్న జెట్టింగు యంత్రాలు దించారు. దళిత పారిశ్రామికవేత్తల సంఘం తోడుతో వాటిని నడిపించారు. యంత్రం రావడం ఒక మెట్టు, ఆ యంత్రానికి యజమాని ఎవరన్నది రెండో మెట్టు. ఇన్ని తరాలు గుంతలో దిగినవాళ్ళకే ఆ లారీల యాజమాన్యంలో మొదటి హక్కు.

నాలుగు, పనివాడు ఎవరి ఉద్యోగి? కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రి, మేస్త్రి కింద పేరు లేని కూలీ. చనిపోతే ‘మాకు సంబంధం లేదు’ అనడానికి కట్టిన మెట్లు ఇవి.

చట్టం మన వైపే ఉంది, చేతిలో పట్టుకుని పోండి. 2013 చట్టం సెక్షన్ 7 ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంటి యజమాని పిలిచినా అంతే, పంచాయతీ పిలిచినా అంతే. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20 తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఎస్సీని ఈ పనికి పెడితే అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది, 2016 జనవరి నుంచి. కేజీఎఫ్‌లో జరిగింది గుర్తుందిగా. వందేళ్ళ దొడ్లను పడగొట్టింది ఇలాంటి చట్టం కాగితమే, దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి చేతిలో.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ మోరీ ఎంబడి నడవండి. ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో గీత గీయండి. ఎన్ని ఇళ్ళ ట్యాంకు పైపులు మోరీలో ఉన్నాయో లెక్క పెట్టండి. గుంతలు తీసేది ఎవరో, వాళ్ళ వయసెంతో, ఎంత ఇస్తున్నారో అడగండి. పేర్లు బయట పెట్టకండి, వాళ్ళ పొట్ట కొట్టకండి. లెక్క మాత్రం గ్రామసభ ముందు పెట్టండి. ఇంజనీరు గీసే పటంలో పైపులుంటాయి, మన పటంలో మనుషులుండాలి. రెండు పటాలూ ఒకే బల్ల మీద పరిచిన రోజు అసలు చర్చ మొదలవుతుంది.

చెరువు బాగుపడాలి. ఆ చెరువుకు తూము ఎత్తింది మన తాతే, దాని నీళ్ళ కోసం బిందె ఎత్తింది మన అమ్మే. బాగుపడిన చెరువు కింద మన పిల్లవాడి శవం మాత్రం ఉండకూడదు.

జై భీమ్.